మెమరీ నిర్వహణ: ఉన్నది ఎనిమిది, పంచింది వెయ్యి

ఎనిమిది జీబీ ర్యామ్ ఉన్న లైనక్స్ ల్యాప్‌టాప్‌లో క్రోమ్ బ్రౌజర్ తెరిచి, టెర్మినల్‌లో టాప్ అనే కమాండ్ కొడితే ఒక వింత కనిపిస్తుంది. నడుస్తున్న ప్రతి ప్రోగ్రాం ఎదురుగా మెమరీకి సంబంధించి రెండు ముఖ్యమైన అంకెలుంటాయి. ‘విర్ట్’ అన్న గడిలో క్రోమ్ ట్యాబుల ఎదుట ఒక టెరాబైటు పైచిలుకు, అంటే వెయ్యి జీబీలకు మించి రాసి ఉంటుంది. పక్కనే ఉన్న ‘రెస్’ గడిలో మాత్రం వందల ఎంబీల్లోనే ఉంటుంది లెక్క. మొదటి అంకె అచ్చుతప్పు కాదు. జావాస్క్రిప్ట్‌ను నడిపే వీ8 ఇంజిన్ భద్రత కోసం ఒక టెరాబైటు మేర అడ్రసులను ముందే తన పేర రాయించుకుంటుంది. ఆపరేటింగ్ సిస్టమ్ మారుమాట లేకుండా రాసిచ్చేస్తుంది. ఇచ్చినవి అడ్రసులే కాబట్టి దాని సొమ్మేం పోదు. వాటిలో ప్రోగ్రాం నిజంగా ముట్టుకున్న కొద్ది భాగానికే ర్యామ్ దక్కుతుంది.

ఏ ప్రోగ్రాం ర్యామ్‌లో ఎక్కడ ఉండాలో చూడటం, ఒకదాని డేటా మరొకదాని చేతికి చిక్కకుండా కాపాడటం, చోటు చాలనప్పుడు ఎవరిని ఖాళీ చేయించాలో తేల్చడం మెమరీ నిర్వహణ కిందికి వస్తాయని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. నిజమే. కానీ ఈ పనులన్నింటి వెనకా ఉన్న యుక్తి ఒక్కటే: అడిగినదల్లా ఇస్తానని ఒప్పుకోవడం, ఇవ్వక తప్పని క్షణం వచ్చేదాకా ఇవ్వకపోవడం. అరవై ఏళ్లకు పైగా ఈ రంగంలో వచ్చిన మెరుగులు చాలావరకు ఈ వాయిదా చుట్టూ తిరిగినవే. వచ్చిన చిక్కులూ అక్కడివే.

చేత్తో కోసుకున్న కాలం

1950ల కంప్యూటర్లలో రెండు రకాల మెమరీ ఉండేది. అయస్కాంతపు పూసలతో అల్లిన కోర్ మెమరీ వేగంగా పనిచేసేది, కానీ ఖరీదెక్కువ, పరిమాణం తక్కువ. గిరగిర తిరిగే డ్రమ్ములో చాలా పట్టేది, కానీ అది నిదానం. ప్రోగ్రాం కోర్‌లో పట్టకపోతే దాన్ని ముక్కలుగా కోసి, ఏ ముక్క ఎప్పుడు డ్రమ్ము నుంచి లోపలికి రావాలో, దేని మీద పడాలో ప్రోగ్రామరే రాసుకోవాలి. వీటిని ఓవర్‌లేలు అనేవారు. అసలు లెక్క చేయడానికి పట్టిన సమయం కన్నా ఈ కోతలకే ఎక్కువ సమయం పోయిన సందర్భాలు ఉండేవి. ఆ పనిని యంత్రానికే అప్పగించవచ్చన్న ఆలోచనను 1956లో బెర్లిన్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో ఫ్రిట్జ్-రుడాల్ఫ్ గ్యుంట్ష్ తన డాక్టరేట్ వ్యాసంలో రాశారు. నిజంగా చేసి చూపించింది మాత్రం ఇంగ్లండులోని మాంచెస్టర్.

మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో టామ్ కిల్‌బర్న్ బృందం ఫెరాంటి కంపెనీతో కలిసి కట్టిన అట్లాస్ కంప్యూటర్ 1962 డిసెంబరు 7న ప్రారంభమైంది. అందులో 16,384 పదాల కోర్ మెమరీ, 98,304 పదాల డ్రమ్ము ఉండేవి. ఒక్కో పదం 48 బిట్లు. రెంటినీ 512 పదాల పేజీలుగా విడగొట్టారు. అంటే కోర్‌లో పట్టేది 32 పేజీలే. ఆ ముప్పై రెండింటికీ ఒక్కో రిజిస్టరు పెట్టి, అందులో ఏ పేజీ కూర్చుందో రాసి ఉంచారు. ప్రోగ్రాం ఒక అడ్రసు అడగగానే 32 రిజిస్టర్లనూ ఒకేసారి సరిచూస్తారు. దొరికిందా సరే. దొరక్కపోతే ప్రోగ్రాంను అక్కడికక్కడ ఆపి, సూపర్‌వైజర్ అనే ప్రోగ్రాం డ్రమ్ము నుంచి ఆ పేజీని తెచ్చి పెడుతుంది. ఆగిన ప్రోగ్రాం ఏమీ జరగనట్టే ముందుకు సాగుతుంది. రాసేవాడికి కోరూ డ్రమ్మూ కలిసిపోయి ఒకే పెద్ద మెమరీలా కనిపిస్తాయి. ఇప్పుడు దాన్నే వర్చువల్ మెమరీ అంటున్నాం.

అట్లాస్‌లో ఒక ముచ్చటైన భాగం ఉంది. కొత్త పేజీ రాగానే చోటు వెతుక్కోకుండా కోర్‌లో ఒక పేజీ చోటును ఎప్పుడూ ఖాళీగా ఉంచేవారు. అది నిండగానే తర్వాతిదాని కోసం ఇంకో పేజీని బయటికి పంపాలి. దేన్ని పంపాలి? ప్రతి పేజీ ఎంతసేపటి నుంచి వాడకంలో లేదో, అంతకు ముందు ఎంతసేపు ఖాళీగా కూర్చుని మళ్లీ వాడకంలోకి వచ్చిందో సూపర్‌వైజర్ గుర్తుపెట్టుకునేది. ఈసారి ఖాళీ కిందటిసారి కన్నా బాగా ఎక్కువైతే ఆ పేజీతో పని అయిపోయిందని తేల్చేది. అలాంటిది ఒక్కటీ దొరక్కపోతే, పాత లెక్క ప్రకారం అందరికన్నా ఆలస్యంగా అవసరపడేదాన్ని ఎంచేది. దీనికి వాళ్లు నేర్చుకునే ప్రోగ్రాం అని పేరు పెట్టారు. యంత్రాలు నేర్చుకోవడమన్న మాట ఇప్పుడు ప్రతి ప్రకటనలోనూ వినిపిస్తోంది గానీ, 1962లోనే ముప్పై రెండు పేజీల మీద ఆ ప్రయత్నం జరిగింది.

అందరూ వెంటనే ఒప్పుకోలేదు. చేయి తిరిగిన ప్రోగ్రామరు చేత్తో కోసినంత చక్కగా యంత్రం కోయలేదన్న వాదన చాలాకాలం నడిచింది. 1969లో ఐబీఎంకు చెందిన డేవిడ్ సేయర్ రెండు పద్ధతులనూ పోల్చి, యంత్రం చేసే పని మనిషి పనికి తీసిపోదని చూపించాక ఆ వాదన మెల్లగా చల్లారింది. 1972లో ఐబీఎం తన సిస్టమ్/370 యంత్రాలకు వర్చువల్ మెమరీని ప్రకటించింది. 1977లో డెక్ కంపెనీ తెచ్చిన వ్యాక్స్ (వర్చువల్ అడ్రస్ ఎక్స్‌టెన్షన్) యంత్రమైతే పేరులోనే ఆ సంగతిని పెట్టుకుంది.

పర్సనల్ కంప్యూటర్లకు ఈ సౌఖ్యం ఆలస్యంగా అందింది. 1978 నాటి ఇంటెల్ 8086 ప్రాసెసర్ ఒక ఎంబీకి మించి చూడలేదు. 1981 నాటి ఐబీఎం పీసీలో ప్రోగ్రాములకు మిగిలింది 640 కేబీ. దాని ఆపరేటింగ్ సిస్టమ్ అయిన డాస్ మీద పనిచేసే ఏ ప్రోగ్రాం అయినా ఏ అడ్రసులోనైనా రాసేయగలిగేది, ఆపరేటింగ్ సిస్టమ్ కూర్చున్న చోటులో కూడా. 1990ల్లో కాన్ఫిగ్.సిస్ ఫైలులో వరసలు అటూఇటూ మార్చి, నాలుగు కేబీలు మిగిల్చి గేమ్ ఆడినవాళ్లకు ఆ 640 కేబీల ఇరుకు గుర్తుండే ఉంటుంది. 1985లో వచ్చిన ఇంటెల్ 80386 పేజీలతో పనిచేయడం నేర్చింది. లైనస్ టోర్వాల్డ్స్ 1991లో లైనక్స్ మొదలుపెట్టింది ఆ 386 మీదే. రెండే ఎంబీల ర్యామ్ ఉన్న ఒక వినియోగదారుడు లైనక్స్‌ను కంపైల్ చేసుకోలేకపోతున్నానని రాస్తే, ఆయన ఆ క్రిస్మస్ సెలవుల్లో కూర్చుని పేజీలను డిస్కుకు పంపే ఏర్పాటు రాసేశారు. 1992 జనవరిలో వచ్చిన 0.12 వెర్షన్‌లో అది చేరింది.

ఒక అడ్రసు వెనక నాలుగు పట్టికలు

ప్రోగ్రాం పలికే అడ్రసు వేరు, ర్యామ్ చిప్పులోని అడ్రసు వేరు. మొదటిది వర్చువల్ అడ్రసు, రెండోది ఫిజికల్ అడ్రసు. వర్చువల్ అడ్రసులను సాధారణంగా 4 కేబీల, అంటే 4,096 బైట్ల పేజీలుగా కోస్తారు. ర్యామ్‌నూ అదే కొలతలో ఫ్రేములుగా కోస్తారు. ఏ పేజీ ఏ ఫ్రేములో ఉందో ఆపరేటింగ్ సిస్టమ్ పేజ్ టేబుల్ అనే పట్టికలో రాస్తుంది. ప్రాసెసర్‌లోని మెమరీ మేనేజ్‌మెంట్ యూనిట్ ప్రతిసారీ దాన్ని చూసి అడ్రసును మారుస్తుంది. ఒక్కో ప్రాసెస్‌కు, అంటే నడుస్తున్న ఒక్కో ప్రోగ్రాంకు, ఒక్కో పట్టిక. రెండు ప్రోగ్రాములు ఒకే అడ్రసు పలికినా వేర్వేరు ఫ్రేములకు చేరతాయి. తన పట్టికలో లేని ఫ్రేము ఉన్న సంగతే ప్రోగ్రాంకు తెలియదు. ప్రతి వరసలోనూ చదవవచ్చా, రాయవచ్చా, కోడుగా నడపవచ్చా అన్న అనుమతులు కూడా ఉంటాయి. డాస్‌లో లేని రక్షణ అంతా ఈ పట్టికల పుణ్యమే.

ఇప్పటి 64 బిట్ల పీసీ ప్రాసెసర్లలో ఎక్కువ వాటిలో వర్చువల్ అడ్రసు 48 బిట్లు. ఈ పద్ధతి 2003లో ఏఎండీ ఆప్టెరాన్‌తో మొదలైంది. 48 బిట్లతో 256 టెరాబైట్ల అడ్రసులు వస్తాయి. వాటి పట్టికను మొదటి నుంచి చివరిదాకా వరసగా రాస్తే ఎంత అవుతుందో లెక్కేయండి. పేజీలోపలి స్థానానికి 12 బిట్లు పోతే మిగిలినవి 36. రెండు పక్కన 36వ ఘాతం వేస్తే దాదాపు 6,900 కోట్ల వరసలు. వరసకు 8 బైట్ల చొప్పున 512 జీబీ. ఒక్క ప్రోగ్రాం పట్టికకే అంత ర్యామ్ పోతుంది!

అందుకే పట్టికను చెట్టులా కొమ్మలు వేసి పెంచుతారు. ఆ 36 బిట్లను తొమ్మిదేసి చొప్పున నాలుగు ముక్కలు చేస్తారు. మొదటి తొమ్మిది బిట్లు పై పట్టికలోని 512 గళ్లలో ఒకదాన్ని చూపిస్తాయి. ఆ గడిలో రెండో పట్టిక ఎక్కడుందో రాసి ఉంటుంది. అక్కడి నుంచి మూడోది, నాలుగోది. నాలుగో పట్టికలో అసలు ఫ్రేము దొరుకుతుంది. వాడని అడ్రసులకు కింది పట్టికలు పుట్టనే పుట్టవు. క్రోమ్ ఒక టెరాబైటు రాయించుకున్నా ల్యాప్‌టాప్ ఉలకకపోవడానికి కారణమిదే. ఇంకో పొందిక కూడా ఉంది: 512 గళ్లు, గడికి 8 బైట్లు, మొత్తం 4,096. ప్రతి పట్టికా సరిగ్గా ఒక పేజీ. ఇది కాకతాళీయం కాదు, అలా కొలత తీసి కుట్టారు. 256 టెరాబైట్లు కూడా చాలని సర్వర్ల కోసం ఐదో అంతస్తు వచ్చింది. అందులో అడ్రసు 57 బిట్లు. లైనక్స్ 2017లో దానికి సిద్ధమైంది.

ఇంత తిరుగుడు ప్రతి అడ్రసుకూ జరిగితే ఒక్కసారి మెమరీ చదవాల్సిన చోట ఐదుసార్లు చదవాల్సి వస్తుంది. ఈమధ్య మార్చిన అడ్రసులను ప్రాసెసర్ టీఎల్‌బీ అనే చిన్న క్యాష్‌లో దాచుకుంటుంది కాబట్టి చాలాసార్లు పట్టికల జోలికే పోదు. పెద్ద డేటాబేస్‌లు నడిపేవాళ్లు 2 ఎంబీల, ఒక్కోచోట 1 జీబీ పేజీలు వాడేది కూడా ఈ క్యాష్ సరిపోవడానికే.

ముట్టుకుంటేనే ముడుపు

ప్రోగ్రాం అడ్రసు పలికింది, పట్టికలో ఆ పేజీకి ఫ్రేము లేదు. అప్పుడు ప్రాసెసర్ పేజ్ ఫాల్ట్ లేపి, పగ్గాలు ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ అయిన కెర్నల్‌కు అప్పగిస్తుంది. పేరులో ఫాల్ట్ ఉంది గానీ ఎక్కువసార్లు ఎవరి తప్పూ ఉండదు. అది ఆపరేటింగ్ సిస్టమ్ ఎదురుచూస్తున్న ఘడియ. అడ్రసు సక్రమమైనదే అయితే కెర్నల్ అప్పుడు ఫ్రేము వెతికి, సున్నాలతో నింపి ఇస్తుంది. ఆ పేజీ డిస్కులో ఉంటే తెస్తుంది. అడ్రసు ఆ ప్రోగ్రాంకు ఎన్నడూ ఇచ్చినది కాకపోతే మాత్రం సెగ్మెంటేషన్ ఫాల్ట్ అన్న మాటతో దాని ఆయువు తీరుతుంది. సీ భాష నేర్చుకున్న ప్రతి ఇంజనీరింగ్ విద్యార్థికీ ఈ మాట పరిచయమే.

వాయిదా యుక్తి పరాకాష్ఠ కాపీ-ఆన్-రైట్‌లో కనిపిస్తుంది. యూనిక్స్ కుటుంబంలో కొత్త ప్రాసెస్ పుట్టాలంటే పాతది ఫోర్క్ అనే పిలుపుతో తన నకలు తీయాలి. ఐదు జీబీల ప్రాసెస్‌కు నకలంటే ఐదు జీబీలు కాపీ చేయాలి కదా? చేయదు. కెర్నల్ పట్టికలను మాత్రమే కాపీ చేసి, ఇద్దరికీ అవే ఫ్రేములు చూపించి, చదవడానికే తప్ప రాయడానికి వీల్లేదని గుర్తు పెడుతుంది. ఎవరు ముందు రాయబోతే వారికి ఆ ఒక్క పేజీ నకలు అప్పుడు తీసిస్తుంది. రెడిస్ డేటాబేస్ దీనిమీదే బతుకుతుంది: తన మెమరీ మొత్తాన్ని డిస్కులో భద్రపరచాలనుకున్నప్పుడు ఫోర్క్ చేస్తుంది; పిల్ల ప్రాసెస్ ఆ క్షణం నాటి డేటాను తీరిగ్గా రాసుకుంటుంటే, తల్లి ప్రాసెస్ వచ్చే పోయే అభ్యర్థనలకు జవాబిస్తూనే ఉంటుంది. ఆండ్రాయిడ్‌లో ప్రతి యాప్ జైగోట్ అనే ప్రాసెస్ నుంచి ఇలాగే పుడుతుంది. ముందే లోపలికి తెచ్చిపెట్టిన జావా తరగతులు, బొమ్మలు అన్ని యాప్‌లకూ ఉమ్మడి ఆస్తి.

ఎవరిని పంపించాలి

ర్యామ్‌లోని డేటా అందడానికి సుమారు 100 నానోసెకన్లు పడుతుంది. హార్డ్ డిస్కు నుంచి తేవాలంటే దాదాపు 10 మిల్లీసెకన్లు, అంటే లక్ష రెట్లు. వెయ్యిసార్లు మెమరీని ముట్టుకుంటే అందులో ఒక్కసారి డిస్కుకు వెళ్లాల్సి వచ్చినా మొత్తం పని నూరు రెట్లు నెమ్మదిస్తుంది. ఎస్ఎస్‌డీలు ఈ అంతరాన్ని తగ్గించాయి, చెరిపేయలేదు. కాబట్టి ఏ పేజీని బయటికి పంపాలన్నది చిన్న నిర్ణయం కాదు.

అన్నింటికన్నా ఆలస్యంగా అవసరపడే పేజీని పంపడమే అన్నింటికన్నా మంచి ఎంపిక. ఐబీఎంలో పనిచేసిన లాస్లో బెలాడీ 1966లో ఈ పద్ధతిని మిగతావాటికి గీటురాయిగా నిలబెట్టారు. కాకపోతే భవిష్యత్తు తెలిసినవాళ్లకే అది సాధ్యం. మిగిలినవాళ్లు గతాన్ని చూసి ఊహించాలి. ముందు వచ్చినదాన్ని ముందు పంపడం అందరికీ తోచే పద్ధతి. అదెంత మోసకారో 1969లో బెలాడీ, ఆయన సహచరులు బయటపెట్టారు.

కాగితం మీద వేసి చూడవచ్చు. ఒక ప్రోగ్రాం పేజీలను 1, 2, 3, 4, 1, 2, 5, 1, 2, 3, 4, 5 అన్న వరసలో అడుగుతుంది. ఉన్నవి మూడు ఫ్రేములు. మొదటి మూడూ కొత్తవే, మూడు ఫాల్టులు. 4 వస్తే 1 పోతుంది. వెంటనే 1 కావాలంటే 2 పోతుంది. 2 కావాలంటే 3 పోతుంది. 5 వస్తే 4 పోతుంది. ఇప్పటికి ఏడు. తర్వాతి 1, 2 లోపలే ఉన్నాయి. 3, 4 కోసం మరో రెండు ఫాల్టులు. చివరి 5 లోపలే ఉంది. మొత్తం తొమ్మిది. ఇప్పుడు దయతలచి నాలుగో ఫ్రేము ఇవ్వండి. మొదటి నాలుగూ ఫాల్టులే, తర్వాతి 1, 2 దొరుకుతాయి. 5 రాగానే 1 పోతుంది, సరిగ్గా ఆ 1 మరుక్షణం కావాలి. దానికోసం 2 పోతే, తర్వాత కావలసింది 2. అలా చివరిదాకా పంపిన పేజీయే వెంటనే అవసరపడుతూ పోతుంది. మొత్తం పది! ర్యామ్ పెంచితే పని తగ్గాల్సింది పోయి పెరిగింది. దీన్నే బెలాడీ వైపరీత్యం అంటారు. పరీక్షల్లో ఏటా కనిపించే ప్రశ్న ఇది. ర్యామ్ చేరిస్తే అన్నీ సర్దుకుంటాయనుకునేవాళ్లు ఒకసారైనా ఈ లెక్క వేసి చూడటం మంచిది.

చాలాకాలంగా వాడని పేజీని పంపే ఎల్ఆర్‌యూ పద్ధతిలో ఈ వైపరీత్యం రాదు. కానీ మెమరీని ముట్టుకున్న ప్రతిసారీ సమయం రాసుకుంటూ కూర్చుంటే పని సాగదు. మల్టిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఫెర్నాండో కోర్బాటో ప్రయోగించిన క్లాక్ పద్ధతి ఒక రాజీ: పేజీ వాడినప్పుడు హార్డ్‌వేర్ ఒక బిట్‌ను 1 చేస్తుంది, గడియారం ముల్లులా తిరిగే సూచి 1 కనిపిస్తే 0 చేసి ముందుకు పోతుంది, 0 కనిపిస్తే ఆ పేజీని పంపేస్తుంది. వ్యాక్స్ యంత్రంలో ఆ బిట్ లేదు. 1979లో బర్కిలీలో యూనిక్స్‌కు వర్చువల్ మెమరీ చేర్చిన ఓజాల్ప్ బాబావోలు, బిల్ జాయ్ దానికి కొంటె ఉపాయం వేశారు. లోపలే ఉన్న పేజీని లేదని పట్టికలో అబద్ధం రాశారు. ప్రోగ్రాం దాన్ని ముట్టుకోగానే ఫాల్ట్ వస్తుంది. ఓహో, ఇది వాడకంలో ఉందన్నమాట అని కెర్నల్ రాసుకుని, అబద్ధాన్ని సరిదిద్దుతుంది. లైనక్స్ ఇదే కోవలో వాడిన, వాడని పేజీల జాబితాలను ఏళ్ల తరబడి నడిపింది. 2022 చివర్లో వచ్చిన 6.1 వెర్షన్‌లో పేజీలను వయసు ప్రకారం రెండు కన్నా ఎక్కువ తరాలుగా విడదీసే పద్ధతి చేరింది.

ఎంత మంచి పద్ధతైనా చేతులెత్తేసే స్థితి ఒకటుంది. నడుస్తున్న ప్రోగ్రాములన్నిటికీ అప్పటికప్పుడు కావలసిన పేజీలు కలిపితే ర్యామ్ దాటిపోతే, ఒకదాని పేజీ తేవడానికి మరొకదాని పేజీ పంపాలి; అది తన పేజీ కోసం ఇంకొకదాన్ని పంపాలి. డిస్కు లైటు ఆరకుండా వెలుగుతుంది, పని మాత్రం అంగుళం కదలదు. దీని పేరు థ్రాషింగ్. 1960ల టైమ్ షేరింగ్ యంత్రాల్లో ప్రాసెసర్ ఖాళీగా కనిపిస్తోంది కదా అని ఆపరేటింగ్ సిస్టమ్ ఇంకో ప్రోగ్రాంను లోపలికి పిలిచేది, పరిస్థితి మరింత దిగజారేది. 1968లో పీటర్ డెనింగ్ దీనికి కారణం చెప్పి, మందు కూడా చెప్పారు. ప్రతి ప్రోగ్రాంకూ ఒక వర్కింగ్ సెట్ ఉంటుంది, అంటే ఈమధ్య కాలంలో అది వాడిన పేజీల గుంపు. ఆ గుంపు మొత్తానికి చోటుంటేనే ప్రోగ్రాంను నడపాలి, లేదంటే పూర్తిగా పక్కన పెట్టాలి. అరకొరగా చోటిచ్చి అందరినీ నడపడం కన్నా కొందరిని ఆపడం మేలన్న ఈ మాట వినడానికి కఠినంగా ఉన్నా, లెక్క దాని పక్షానే ఉంది.

కెర్నల్ సొంత ఖర్చు

పేజీలు పంచే కెర్నల్‌కూ మెమరీ కావాలి. లైనక్స్ తన ఫ్రేములను బడ్డీ పద్ధతిలో ఉంచుకుంటుంది: ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది ఫ్రేముల దిమ్మెలు, చిన్నది కావాలంటే పెద్దదాన్ని సగానికి కోస్తుంది, జంట ముక్కలు రెండూ ఖాళీ అయితే మళ్లీ అతికిస్తుంది. 1963లో దీన్ని కనిపెట్టిన హ్యారీ మార్కోవిట్జ్ వృత్తిరీత్యా ఆర్థికవేత్త. పెట్టుబడుల పంపకం మీద చేసిన కృషికి 1990లో నోబెల్ అందుకున్నది ఈయనే. ఫ్రేముకన్నా బాగా చిన్నవైన వస్తువులకు 1994లో సన్ కంపెనీలో జెఫ్ బాన్‌విక్ స్లాబ్ పద్ధతి తెచ్చారు. ఒకే కొలత వస్తువులను ఒకే పేజీలో పక్కపక్కన పేర్చి, ఖాళీ అయినవాటిని పారేయకుండా మళ్లీ వాడటం అందులో సంగతి.

మిగిలిన ర్యామ్‌ను కెర్నల్ ఊరికే ఉంచదు. చదివిన ఫైళ్ల నకళ్లను పేజ్ క్యాష్‌గా దాస్తుంది. అందుకే లైనక్స్‌లో ‘ఫ్రీ’ అన్న గడి ఎప్పుడూ అడుగంటినట్టే కనిపిస్తుంది, కొత్తవాళ్లు కంగారుపడతారు. చూడాల్సింది ‘అవైలబుల్’ గడి. అవసరం రాగానే క్యాష్‌ను వదిలేస్తుంది కాబట్టి ఆ లెక్కే నిజానికి దగ్గర.

మాట తప్పిన రోజు

అందరికీ మాటిచ్చాక అందరూ ఒకేసారి వచ్చి అడిగితే? వెయ్యి శుభలేఖలు పంచి ఆరువందల విస్తళ్లే తెప్పించిన పెళ్లివారి పరిస్థితి. పిలిచిన ప్రతివాళ్లూ రారన్న లెక్క సాధారణంగా నిలబడుతుంది. లైనక్స్ ఈ ధైర్యంతోనే ర్యామ్, స్వాప్ (పేజీలను పంపడానికి డిస్కులో ఉంచిన చోటు) కలిపినదానికన్నా ఎక్కువకు మాటిస్తుంది. విండోస్ అలా చేయదు. ర్యామ్, పేజ్ ఫైలు కలిపిన పరిమితి దాటి కమిట్ చేయమంటే అడిగినప్పుడే కుదరదంటుంది. ఏది మేలు? విండోస్ పద్ధతి నిజాయితీ గలది. లైనక్స్ పద్ధతిలో అదే యంత్రం మీద ఎక్కువ పని జరుగుతుంది. నిజంగా మునిగే వేళ వచ్చినప్పుడు మాత్రం లైనక్స్ చేసే పని కర్కశం.

ఓఓఎం (అవుట్ ఆఫ్ మెమరీ) కిల్లర్ అనే భాగం నిద్రలేచి, నడుస్తున్న ప్రాసెస్‌లకు మార్కులు వేస్తుంది. ఎక్కువ మెమరీ పట్టినదానికి ఎక్కువ మార్కులు. నిర్వాహకులు ఒక్కో ప్రాసెస్‌కు మైనస్ 1000 నుంచి ప్లస్ 1000 దాకా సర్దుబాటు ఇవ్వవచ్చు. మైనస్ 1000 అంటే దీని జోలికి రావద్దని. అందరికన్నా ఎక్కువ మార్కులు వచ్చినదాన్ని చంపేస్తుంది. ఇక్కడ పెద్ద తమాషా ఏమిటంటే, సర్వర్లో అందరికన్నా ఎక్కువ మెమరీ పట్టేది తరచూ డేటాబేసే, అంటే ఆ సర్వర్ ఉన్నదే దేనికోసమో అది. అందుకే పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ వారి పత్రాలు ఓవర్‌కమిట్ సెట్టింగును 2కు మార్చి, అతిగా మాటివ్వొద్దని కెర్నల్‌కు చెప్పమంటాయి. రెడిస్ వారి పత్రాలు అదే సెట్టింగును 1 చేయమంటాయి, అంటే ఎంత అడిగినా కాదనొద్దని. ఫోర్క్ చేసిన క్షణాన పిల్ల ప్రాసెస్‌కు కూడా కాగితం మీద తల్లికి ఉన్నంత మెమరీ కావాలి. అక్కడ కాదంటే డేటా భద్రపరిచే పని ఆగిపోతుంది. రెండూ ఒకే యంత్రం మీద పెట్టుకున్నవాళ్లు ఎవరి మాట వినాలో తామే తేల్చుకోవాలి.

జేబులో ఉన్న యంత్రం

ఫోన్లలో లెక్క మారుతుంది. ఫ్లాష్ మెమరీలో అదేపనిగా రాస్తే అది అరిగిపోతుంది. అందుకని ఆండ్రాయిడ్ పేజీలను స్టోరేజీకి పంపడం కన్నా జెడ్‌ర్యామ్ పద్ధతిలో నొక్కి, చిన్నవి చేసి ర్యామ్‌లోనే ఉంచడానికి మొగ్గు చూపుతుంది. మ్యాక్ 2013 నుంచి ఇలా మెమరీని నొక్కుతోంది, విండోస్ 10 కూడా ఆ దారి పట్టింది. అప్పటికీ చాలకపోతే ఆండ్రాయిడ్ యాప్‌లనే ఆపేస్తుంది: తెర మీద ఉన్నదాన్ని చివరికి ఉంచి, వెనకపడి మరిచిపోయినవాటిని ముందు. ఐఫోన్లో ఈ పని చేసేదాని పేరు జెట్‌సమ్. ఆగిన యాప్ తన స్థితిని రాసిపెట్టుకుని, మళ్లీ తెరిచినప్పుడు అక్కడి నుంచే మొదలైతే వినియోగదారుకు తేడా తెలియదు. రాసిపెట్టుకోకపోతే సగం నింపిన ఫారం గల్లంతవుతుంది. 512 ఎంబీల ర్యామ్‌తో 2017లో వచ్చిన జియోఫోన్ లాంటివాటి కోసం రాసే యాప్‌లలో ఈ జాగ్రత్తే సగం పని.

వెనకున్న యాప్‌లన్నింటినీ ఊడ్చేసి ర్యామ్ ఖాళీ చేస్తామనే క్లీనర్ యాప్‌లు మేలు కన్నా చేటే ఎక్కువ చేస్తాయి. ఖాళీ ర్యామ్ వల్ల ఫోనుకు ఒరిగేదేమీ లేదు. ఊడ్చిన యాప్‌ను మళ్లీ మొదటి నుంచి తెరవడానికి బ్యాటరీ ఖర్చవుతుంది. ఎనిమిదికి ఎనిమిది కలిపి పదహారు జీబీలు అని పెట్టె మీద అచ్చువేసే ప్రకటనలనూ కొంచెం తరచి చదవాలి. ఆ రెండో ఎనిమిది స్టోరేజీలో కేటాయించిన చోటు. అట్లాస్ డ్రమ్ము చేసిన పనే అది చేస్తుంది. ఉపయోగం ఉంది, కానీ ర్యామ్ ఖాతాలో కలిపి చెప్పదగినది కాదు.

గోడలో పగులు

పట్టికలు కట్టిన గోడను అందరూ నమ్మారు. కెర్నల్‌లోకి వెళ్లిరావడం వేగంగా జరగాలని, కెర్నల్ పేజీలను కూడా ప్రతి ప్రాసెస్ పట్టికలోనే పెట్టి, ప్రోగ్రాం వాటిని చదవకూడదన్న గుర్తు వేసి ఊరుకున్నారు. 2018 జనవరిలో బయటపడిన మెల్ట్‌డౌన్ ఆ నమ్మకాన్ని దెబ్బతీసింది. అనేక ఇంటెల్ ప్రాసెసర్లు అనుమతి సరిచూడటం పూర్తికాకముందే ఆ డేటాతో పని మొదలుపెట్టి, తర్వాత దాన్ని రద్దు చేసుకునేవి. రద్దయిన పని ఆనవాళ్లు ప్రాసెసర్ డేటా దాచుకునే క్యాష్‌లో మిగిలేవి. సమయాన్ని కొలిచి వాటిని చదవవచ్చు. ఆస్ట్రియాలోని గ్రాజ్ సాంకేతిక విశ్వవిద్యాలయం వాళ్లు అంతకు ముందే వేరే దాడికి విరుగుడుగా రాసిన ఒక పద్ధతి ఇక్కడ పనికొచ్చింది. కెర్నల్‌కూ ప్రోగ్రాంకూ వేర్వేరు పట్టికలు పెట్టడమే ఆ పద్ధతి. లోపలికి వెళ్లిన ప్రతిసారీ, వచ్చిన ప్రతిసారీ పట్టిక మార్చాలి కాబట్టి కొంత వేగం పోయింది. సర్వర్లు నడిపేవాళ్లకు ఆ నష్టం అనుభవంలోకి వచ్చింది.

పేజీ కొలత మీద కూడా ఇప్పుడు చర్చ నడుస్తోంది. 1960ల్లో ఐబీఎం 360 మోడల్ 67లో కనిపించిన 4 కేబీ పేజీయే ఇంకా ఎక్కువ యంత్రాల్లో ఉంది, ర్యామ్ మాత్రం వేల రెట్లు పెరిగింది. ఆపిల్ తన ప్రాసెసర్ల మీద 16 కేబీ పేజీలకు మారింది. ఆండ్రాయిడ్ 15 కూడా వాటికి వీలు కల్పించింది. పేజీ పెద్దదైతే పట్టికలు చిన్నవవుతాయి, ఫాల్టులు తగ్గుతాయి, టీఎల్‌బీలోని ఒక్కో వరస నాలుగు రెట్లు ఎక్కువ మెమరీని చూపిస్తుంది. దానికి మూల్యం వృథా. యూటీఎఫ్-8లో ‘తెలుగు’ అన్న మాటకు పట్టేవి 18 బైట్లు. ఆ ఒక్క మాటే ఉన్న ఫైలును తెరిచినా పేజ్ క్యాష్‌లో ఒక పూర్తి పేజీ పోతుంది, ఇదివరకు 4 కేబీ, ఇకమీదట 16. పేజీ అంటే 4,096 అని కోడులో గుడ్డిగా రాసుకున్న పాత లైబ్రరీలు 16 కేబీ ఫోన్లలో తెరుచుకోవు. ఆండ్రాయిడ్ 15ను లక్ష్యంగా పెట్టుకుని 2025 నవంబరు నుంచి ప్లేస్టోర్‌కు వచ్చే కొత్త యాప్‌లు, అప్‌డేట్లు 16 కేబీ పేజీల మీద పనిచేయాలని గూగుల్ షరతు పెట్టడంతో సీ, సీ ప్లస్ ప్లస్ భాగాలున్న యాప్‌ల యజమానులు వాటిని మళ్లీ కంపైల్ చేయించే పనిలో పడ్డారు.